ముళ్ళపంది కాపలా

"ఈ కాలమ్ రాసే మహానుభావుడు ఎవరండీ ఇక్కడ?"

తలుపు చప్పుడు కంటే ముందు ఆ ప్రశ్న లోపలికొచ్చింది. దాని వెనక చంటిపిల్లల తోపుడుబండి ఒకటి వచ్చింది. బండి వెనక, జుట్టులోంచి వాన నీళ్ళు కారుతున్న ఒక అమ్మాయి వచ్చింది.

హినెక్ కుర్చీలోంచి లేచి, కూర్చుని, మళ్ళీ లేచాడు. అతను మామూలు రోజుల్లోనే ఒకచోట కుదురుగా ఉండే మనిషి కాదు. బ్ర్నో నగరంలో ఇంటి కంప్యూటర్ల మీద నెలకోసారి వచ్చే ఒక చిన్న పత్రికలో అతని ఉద్యోగం. ఏ ప్రోగ్రామ్ పనికొస్తుందో, ఏది దండగో పరీక్షించి రాయాలి. చేసే పనిని బట్టే మనిషి తయారవుతాడో ఏమో, హినెక్ తినే రొట్టెని కూడా రెండు వైపులా తిప్పి చూస్తేగానీ కొరికేవాడు కాదు.

"నేనేనండీ" అంటూ బండిలోకి తొంగిచూశాడు. పసిపాప లేదు. రెయిన్‌కోటు కప్పుకుని ఒక కంప్యూటర్ డబ్బా పడుకుని ఉంది.

"చూడండి, బాగా చూడండి. నిన్నటిదాకా నిక్షేపంలా ఉండేది. మీరే చంపేశారు."

"నేనేం చేశానండీ?"

"పత్రికతో పాటు సీడీ ఇచ్చారు కదా? పైసా కట్టక్కర్లేని యాంటీవైరస్‌లు మూడు. గుడ్లగూబ బొమ్మది ఒకటి, డాలు బొమ్మది ఒకటి, ముళ్ళపంది బొమ్మది ఒకటి. మా నాన్న వేసేశాడు."

"ఏది?"

"మూడూ."

"మూడూనా! ఒకేసారా?"

హినెక్ పెదవి కొరుక్కున్నాడు. నవ్వు ఆగలేదు.

"నవ్వండి, తనివితీరా నవ్వండి. నెలాఖరు ఆదివారం మా పుట్టగొడుగుల ప్రదర్శన. బొమ్మలూ పేర్లూ అన్నీ దీంట్లోనే ఉన్నాయి. మౌస్ కదిపితే బాణం గుర్తు కదలడానికి టీ తాగి రావచ్చు."

"ఒకే ఒరలో రెండు కత్తులే ఇమడవు, మీ నాన్నగారు మూడు దూర్చారు. గుడ్లగూబ ఒక ఫైల్‌ని పట్టుకుంటే డాలు 'దొంగ, దొంగ' అని గుడ్లగూబని పట్టుకుంటుంది. ముళ్ళపంది వచ్చి ఇద్దర్నీ పట్టుకుంటుంది. ఇంక మీ పని చూసే తీరిక దానికెక్కడిది? ఒక్కటే వేసుకోవాలని నాలుగో పేజీలో రాశాను కూడా."

"మా నాన్న అడవినుంచి తెచ్చిన బుట్టని ఇంట్లో ముగ్గురు చూడందే పొయ్యెక్కనివ్వడు. ఒకరి కన్ను తప్పినా ఇంకొకరి కన్ను తప్పదని ఆయన నమ్మకం. కంప్యూటర్‌కీ అదే లెక్క వేశాడు. నాలుగో పేజీ ఆయనకెందుకు?"

ఆమె పేరు బ్లాంకా. తండ్రి మలీనా గారితో పాటు పుట్టగొడుగుల సలహా కేంద్రంలో కూర్చుంటుంది. జనం అడవిలో ఏరుకొచ్చినవి అక్కడ బల్లమీద పోస్తారు. ఏది కూరకి, ఏది కాటికి అన్నది వాళ్ళు చూసి చెప్తారు. వర్షాలు పడ్డ వారంలో ఆ గదికి క్యూ వీధిదాకా ఉంటుంది.

ఆమె కోపంగా చెప్తుంటే హినెక్ వింటున్నాడు కానీ, సగం మాటలు చెవికెక్కడం లేదు. ఆమె కనుబొమ్మ మీద ఒక వానచుక్క నిలబడి ఉంది. అది పడుతుందా, పడదా అని చూస్తూ ఉండిపోయాడు. పక్క బల్లమీదనుంచి ఎడిటర్ దానా గొంతు సవరించుకుంది.

"ఈసారి ఈ మూడు యాంటీవైరస్‌ల పోటీ ఆ కంప్యూటర్ మీదే పెట్టు హినెక్. నిజమైన ఇల్లు, నిజమైన మనుషులు. ఒక్కోదాన్ని విడివిడిగా వేసి చూడు. ఏది నెగ్గితే దాన్ని వాళ్ళకి ఉంచేసి రా. ఊరికే ఇక్కడ కాలు కాలిన పిల్లిలా తిరగడం కంటే నయం."

* * *

మలీనా గారు తలుపు తీసి, అతని మొహం చూడకముందే బూట్ల వైపు చూశాడు. అతిథుల చెప్పుల పెట్టెలోంచి హినెక్ కాళ్ళకి సరిపడే జత ఒకటి వెతికిచ్చాడు. ఆ జత మీద గులాబీ పువ్వులున్నాయి.

"మూడు వేస్తే తప్పేంటయ్యా?" అని మొదలుపెట్టాడు, టీ కూడా పోయకుండా.

"మీ బల్ల దగ్గర ముగ్గురు సలహాదార్లు ఒకరి చేతిలోది ఒకరు లాక్కుంటూ ఉంటే ఎలా ఉంటుందండీ?"

మలీనా గారు ఆలోచించాడు. "మా సంఘం వార్షిక సమావేశంలా ఉంటుంది" అన్నాడు.

ఆ మాటతో ఇద్దరికీ స్నేహం కుదిరింది. మొదట గుడ్లగూబని ఉంచి మిగతా రెండూ తీసేశారు. హినెక్ తన దగ్గరున్న చిన్న ఫైల్ ఒకటి ఎక్కించాడు. అది ఎవరికీ హాని చెయ్యదు. కానీ దాన్ని చూడగానే 'వైరస్' అని అరవాలని కంపెనీలన్నీ కలిసి ఒప్పుకున్నాయి. కాపలావాడు మెలకువగా ఉన్నాడో లేదో తెలుసుకోవడానికి అదొక దారి. గుడ్లగూబ గట్టిగా అరిచింది. వంటింట్లోంచి బ్లాంకా పరిగెత్తుకొచ్చింది.

"ఏమైంది, ఏమైంది?"

"ఏం లేదమ్మా, అబ్బాయి ఉత్తుత్తి విషం పెట్టాడు" అన్నాడు మలీనా గారు మురిసిపోతూ. "నేనూ కొత్త సలహాదార్లని పరీక్షించడానికి బుట్టలో ఎర్రటోపీ తెల్లచుక్కల విషపుదాన్ని కావాలని వేస్తాగా, అలాగన్నమాట."

"అంటే మీరూ మీరూ ఒకటే బాపతు. దొరికారు ఒకరికొకరు" అని బ్లాంకా వెళ్ళబోయి, హినెక్ కాళ్ళ మీది గులాబీ పువ్వులు చూసి ఆగింది. "మీకు బాగా నప్పాయి" అంది. ఆ సాయంత్రం ఇంటికెళ్ళే ట్రామ్‌లో హినెక్ తన స్టాప్ దాటిపోయాడు.

అప్పట్నుంచి వారానికి ఒకసారి వెళ్ళాల్సిన వాడు మూడుసార్లు వెళ్ళాడు. కంప్యూటర్ లేవడానికి ఎంత ఆలస్యమవుతోందో చూడాలన్నాడు. ప్రింటర్ నడుస్తుంటే వేగం తగ్గుతోందేమో చూడాలన్నాడు. డబ్బు కట్టి పెద్ద రకం కొనుక్కోమని ఏ ప్రోగ్రామ్ ఎన్నిసార్లు పోరుతుందో చూడాలన్నాడు. గుడ్లగూబ ఆ విషయంలో అప్పులవాడి కంటే ఘోరం. డాలు పోరదు కానీ, అది పనిచేస్తున్నప్పుడు ఇంట్లో ఇంకెవరూ కంప్యూటర్‌ని ముట్టుకోకూడదు. పరీక్ష అయ్యాక షాజీరా చల్లి గుడ్లతో వేయించిన పుట్టగొడుగులు పెట్టేవాళ్ళు. హినెక్ మొదటిరోజు పళ్ళెం తిప్పి తిప్పి చూశాడు.

"భయమా?" అంది బ్లాంకా.

"అలవాటండీ. ఏదైనా పూర్తిగా చూస్తేగానీ..."

"ఎంతసేపు చూస్తారు?"

"చూడటం అయ్యేదాకా."

"పాపం, మీ ఇంట్లోవాళ్ళు చల్లారిన కూడే తింటారన్నమాట."

హినెక్ నవ్వాడు కానీ, ఆ మాట లోపల ఎక్కడో గుచ్చుకుంది. రెండేళ్ళ క్రితం ఒకమ్మాయి అతన్ని పెళ్ళి చేసుకుందామని అడిగింది. ఇంకో ఆరు నెలలు చూద్దాం అన్నాడు. ఆ ఆర్నెల్లూ అయ్యాక ఇంకొంచెం చూద్దాం అన్నాడు. ఆమె సామాన్లు సర్దుకుంటూ, "నన్ను నువ్వు ప్రేమించలేదు హినెక్, పరీక్షించావు" అని వెళ్ళిపోయింది. అందులో తప్పు పట్టడానికి అతనికి ఏమీ దొరకలేదు.

ఇప్పుడు బ్లాంకా దగ్గరా అదే జరుగుతుందేమోనని భయం. చెప్పాలని ఉంటుంది. నోరు తెరిస్తే, ముందు ఇంకొంచెం తెలుసుకోరాదా అని లోపలివాడు ఆపుతాడు. మింగలేడు, కక్కలేడు. రాత్రిళ్ళు పక్కమీద అట్టులా అటూ ఇటూ తిరిగేవాడు.

* * *

ముళ్ళపందిని వేసిన వారంలో వానలు పట్టుకున్నాయి. వాన వెలిసిన శనివారం పొద్దున బ్లాంకా ఫోన్ చేసింది.

"అడవికి వస్తారా? కంప్యూటర్లు ఉండవు, ముందే చెప్తున్నా."

వెళ్ళాడు. స్ప్రూస్ చెట్ల కింద తడి నాచు మీద ఆమె ముందు, అతను వెనక. అతని బుట్టలో ఏం పడినా ఆమె వెనక్కి తిరక్కుండానే "అది పారేయండి" అనేది.

"చూడకుండా ఎలా తెలుస్తోందండీ?"

"మీరు ఏరుకునేటప్పుడు ఊపిరి బిగబడుతున్నారు. అనుమానం ఉన్నదాన్నే ఏరుతున్నారు. నమ్మకం ఉన్నదాన్ని దాటిపోతున్నారు. అదుగో, మీ బూటు పక్కనే ఎంత మంచిదుందో చూడండి."

నిజంగానే బొద్దుకాడ, గోధుమరంగు టోపీతో ఒకటుంది. హినెక్ వంగాడు. ఆమె కూడా వంగింది. తలలు గుద్దుకున్నాయి. ఇద్దరూ నుదురు పట్టుకుని నాచుమీద కూలబడ్డారు. నవ్వు ఆగాక బ్లాంకా ఆ పుట్టగొడుగు కాడని చాకుతో గీకుతూ, తల ఎత్తకుండా అంది.

"రాదొవాన్ నన్ను పెళ్ళి చేసుకుంటానన్నాడు."

"ఎవరు?"

"ఈ అడవి గార్డు. ప్రతి ఏడూ ప్రదర్శనకి నాచు అతనే తెచ్చిస్తాడు. ప్రదర్శన అయ్యాక చెప్తానన్నాను."

చెట్టుమీదనుంచి నీటిచుక్కలు పడుతున్నాయి. హినెక్‌కి మెడలోంచి వీపుమీదకి దిగిన చలి వాటివల్లేనా, ఆ మాటవల్లా అన్నది తేలలేదు.

"మంచివాడేనా?" అన్నాడు చివరికి.

"చాలా మంచివాడు."

"అయితే... ఆలోచించుకోండి. తొందరేం లేదు కదా."

బ్లాంకా చాకు మూసింది. అతని వైపు చూసింది. ఆ చూపులో కోపం ఉంటే హినెక్ తట్టుకునేవాడే, అందులో ఉన్నది కోపం కాదు.

"మీకసలు తొందరనేదే లేదు" అని లేచి నడిచింది.

ఆ మర్నాడు హినెక్ వాళ్ళింటికి చివరిసారి వెళ్ళాడు. ఆమె ఇంట్లో లేదు. ముళ్ళపందే నెగ్గిందని మలీనా గారికి చెప్పాడు. అది దేన్నీ వదలదు, పోరు పెట్టదు, కంప్యూటర్‌ని కుంటిదాన్ని చెయ్యదు. పోతూ పోతూ దాని కాపలాని అన్నిటికంటే కఠినమైన మెట్టుమీద పెట్టాడు. ఆమె కోసం తను చెయ్యగలిగింది ఇదొక్కటే అనిపించింది. ఆమె కంప్యూటర్‌లోకి చీమ కూడా దూరకూడదు.

తర్వాత నెలాఖరు దాకా ఆ వీధి వైపు పోలేదు. వ్యాసం రాయబోయాడు. 'ముళ్ళపందికి మొదటి స్థానం' అని మొదలుపెట్టి, కొట్టేసి, మళ్ళీ అదే రాశాడు. దానా ఇంటికెళ్ళి పడుకోమంది. ఇంటికెళ్ళాడు, పడుకోలేదు.

* * *

ఆదివారం పొద్దున ఫోన్ మోగింది. బ్లాంకా గొంతు.

"మీ ముళ్ళపంది నా ప్రోగ్రామ్‌ని మింగేసింది. బయట క్యూ ఉంది. రండి."

అంతే, పెట్టేసింది. హినెక్ రెండు కాళ్ళకి రెండు రంగుల మేజోళ్ళు వేసుకుని పరిగెత్తాడు. ట్రామ్ కోసం ఆగలేక వానలోనే సగం ఊరు దాటాడు.

హాలంతా తడి నాచు వాసన. పొడుగు బల్లలమీద పచ్చటి నాచు పరిచి పుట్టగొడుగుల్ని కుదురుగా కూర్చోబెట్టారు. ఓ మూల కంప్యూటర్, దాని ముందు జనం. వాళ్ళు తెచ్చినదాని టోపీ రంగు, కాడ పొడుగు, వాసన ఎంచుకుంటూ పోతే పేరూ బొమ్మా చూపించే ప్రోగ్రామ్ అందులో ఉండాలి. దాన్ని బ్లాంకా ఏడాదిపాటు సొంతంగా కూర్చుని రాసింది. ఇప్పుడు తెరమీద దాని చోట ఖాళీ ఉంది.

"నిన్న సాయంత్రం రెండు కొత్త పేర్లు కలిపాను" అంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "పొద్దున చూస్తే లేదు. 'ప్రమాదకరం' అట. నా చేత్తో రాసింది ప్రమాదకరమట!"

"ప్రమాదకరమని దానికీ తెలీదండీ. అది ఎరగని ఫైల్, అంతే. పెద్ద కంపెనీలు చేసినవైతే వాటి ఆనవాళ్ళు దాని దగ్గరుంటాయి. మీది ఈ లోకంలో ఒక్కటే ఉంది. నేనేమో మెట్టు ఆఖరికి పెంచి..."

"అంటే ఎరగనిదల్లా విషమేనా? విషాన్ని పట్టుకోవడం ఏం గొప్ప? భయంతో బుట్టంతా పారబోసినా విషం పోతుంది. మంచిదాన్ని మంచిదని చెప్పడానికే కదా మేమిక్కడ కూర్చునేది!"

హినెక్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ముళ్ళపంది బంధించిన ఫైళ్ళ గది తెరిచాడు. ఆమె ప్రోగ్రామ్ అక్కడే ఉంది, చెక్కు చెదరకుండా. విడిపించమని నొక్కితే తెరమీద ఎర్రపెట్టె ఒకటి లేచింది. 'ఈ ఫైల్ గురించి మాకేమీ తెలియదు. అయినా అనుమతిస్తారా? బాధ్యత మీదే.'

ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆ పెట్టె చూసినప్పుడల్లా అతను 'వద్దు' అనే నొక్కాడు. ముందు వేరే కంప్యూటర్‌లో నడిపి, నాలుగు రకాలుగా చూసి, అప్పుడు. వెనకనుంచి ఆకుపచ్చ కోటు బామ్మ ఒకావిడ బుట్టతో అతని భుజాన్ని పొడిచింది.

"ఏమిటి నాయనా అలా చూస్తావు? వానలో తడిసిన సరుకు. పొద్దున కోసింది సాయంత్రానికి పనికిరాదు. చూస్తూ కూర్చుంటే మంచిదే విషమవుతుంది. ఆలస్యం అమృతం విషం."

హినెక్ 'అవును' అని నొక్కాడు.

"పరీక్షించరా?" అంది బ్లాంకా.

"మీరు రాసింది కదా."

ప్రోగ్రామ్ లేచింది. తెరమీద పుట్టగొడుగుల బొమ్మలు వరసగా విచ్చుకున్నాయి. క్యూలో జనం చప్పట్లు కొట్టారు. హినెక్ లేవలేదు. ఇప్పుడు లేస్తే మళ్ళీ ఎప్పటికీ నోరు పెగలదని అతనికి తెలుసు.

"బ్లాంకా, నాకు మీ గురించి సగం సంగతులు తెలీదు. మీకు పొద్దున్నే లేవడం ఇష్టమో కాదో తెలీదు. మీ అమ్మగారి సంగతి మీరెప్పుడూ చెప్పలేదు. కోపం వస్తే ఎన్నాళ్ళు మాట్లాడరో తెలీదు. రాదొవాన్ నాకంటే మంచివాడు, అది మటుకు తెలుసు. అయినా అతనికి ఔననకండి. మీరంటే నాకు ప్రాణం. పరీక్షలన్నీ ఎప్పుడో అయిపోయాయి, మీ ఇంటికి రావడానికి ఊరికే సాకులు చెప్పాను."

మలీనా గారు చేతిలో ఉన్న భూతద్దం కింద పెట్టాడు.

"అదా సంగతి!" అన్నాడు. "ప్రింటర్‌ని ఐదుసార్లు పరీక్షించినప్పుడే అనుకున్నాను."

"ఊరుకో నాన్నా" అంది బ్లాంకా. ఆమె మొహం ఎర్రటోపీ పుట్టగొడుగులా ఉంది. కానీ ఆమె చూస్తున్నది హినెక్ వైపు కాదు, గుమ్మం వైపు. అక్కడ పొడుగ్గా, తడిసిన అడవి యూనిఫాంలో ఒకతను రెండు చేతుల నిండా నాచు పట్టుకుని నిలబడి ఉన్నాడు. అంతా విన్నాడని మొహం చూస్తేనే తెలుస్తోంది. నాచుని నెమ్మదిగా బల్లమీద పెట్టి బయటికి నడిచాడు.

"మీరిక్కడ కూర్చోండి" అని బ్లాంకా హినెక్‌ని లేపి సలహాబల్ల వెనక తన కుర్చీలో కూలేసింది. "ముందు అతనికి జవాబు చెప్పాలి. ముందు అడిగింది అతనే."

"ఏం చెప్తారు?"

ఆమె అప్పటికే గుమ్మం దాటింది.

కిటికీ అద్దంలోంచి ఇద్దరూ చూరు కింద కనిపిస్తున్నారు. వాన హోరులో మాట వినబడదు. రాదొవాన్ తల వంచుకున్నాడు. ఆమె అతని మోచేతి మీద చెయ్యి వేసింది. హినెక్ లేచాడు, కూర్చున్నాడు. ఆకుపచ్చ కోటు బామ్మ తన బుట్ట తెచ్చి అతని ముందు బోర్లించింది.

"ఇది తినొచ్చా?"

"నాకు తెలీదండీ. ఆవిడ వచ్చేదాకా ఆగండి."

"ఆవిడ రాదేమో" అంది బామ్మ, కిటికీలోంచి తీరిగ్గా చూస్తూ. "కుర్రాడు భుజాలవీ బాగున్నాడు."

"నేనిందాక చెప్పింది మీకు నచ్చలేదా?"

"నచ్చింది. కానీ నన్ను కాదుగా అడిగింది."

ఇంకో ముసలాయన బుట్టతో వచ్చి, "ఈ కుర్రాడు కొత్తా?" అని అడిగాడు. "పరీక్షలో ఉన్నాడు" అని బామ్మ జవాబిచ్చింది. మలీనా గారు భూతద్దం చాటున నవ్వుకుంటున్నాడు. హినెక్‌కి ఒళ్ళంతా నిప్పుల మీద ఉన్నట్టుంది. కిటికీ వైపు చూడకూడదనుకుని బల్లమీది పుట్టగొడుగుల్ని చూశాడు. ఒక్కటీ కంటికి ఆనలేదు. మళ్ళీ తలెత్తేసరికి చూరు కింద ఎవరూ లేరు.

కిటికీ వైపు మెడ సాచి వీధిదాకా వెతికాడు.

"లే" అన్న మాట వెనకనుంచి వినిపించింది. "నా కుర్చీ."

బ్లాంకా. జుట్టంతా తడి. కళ్ళు కూడా తడిగానే ఉన్నాయి. వాళ్ళ ఊళ్ళల్లో 'మీరు' నుంచి 'నువ్వు'కి దిగే హక్కు ఆడవాళ్ళదే. మగవాడు తనంతట తను దిగకూడదు. ఆమె 'లేవండి' అనలేదు, 'లే' అందని హినెక్‌కి అప్పుడు తట్టింది. లేచి బల్ల అంచు పట్టుకున్నాడు.

"అతనేమన్నాడు?"

"నీతో జాగ్రత్తగా ఉండమన్నాడు. నీ గురించి ఎవరికీ ఏమీ తెలీదు కదా అన్నాడు."

"నువ్వేమన్నావు?"

ఆమె కుర్చీలో కూర్చుని, బామ్మ బుట్టలోంచి మొదటి పుట్టగొడుగు చేతిలోకి తీసుకుంది.

"బాధ్యత నాదే అన్నాను."